మున్సిపల్ ఆఫీసులో ఇంటి నుంచి పని: సేవలు కుంటుపడకుండా అమలు చేయడం ఎలా?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు ల్యాప్‌టాప్‌లు చేతికిచ్చి అందరినీ ఇళ్లకు పంపేశాయి. మున్సిపాలిటీలకు ఆ వీలు లేదు. చెత్త బండ్లు తిరగాలి, కుళాయి నీళ్లు రావాలి, వీధుల్లో మందు చల్లాలి, మరణ ధ్రువపత్రాలు రాసివ్వాలి. అప్పటి నుంచి స్థానిక సంస్థల్లో "ఇంటి నుంచి పని మనకు కుదరదు" అన్న మాట పాతుకుపోయింది. పారిశుద్ధ్యం, నీటి సరఫరా, వీధి దీపాల విషయంలో అది నిజమే. ఆఫీసులో బల్ల దగ్గర జరిగే పని విషయంలో మాత్రం ఆ మాటను మళ్లీ పరిశీలించాల్సిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ఎందుకంటే రెవెన్యూ, టౌన్ ప్లానింగ్, అకౌంట్స్, జనరల్ సెక్షన్లలో చాలా పని ఇప్పుడు కంప్యూటర్ మీదే నడుస్తోంది. తెలంగాణలో ఇంటి అనుమతుల కోసం 2020 నవంబరులో టీఎస్-బీపాస్ (తర్వాత టీజీ-బీపాస్) అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. అందులో 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్న వీలు కల్పించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాయి, 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలయ్యాయి. దరఖాస్తు పెట్టేవాళ్లు ఆఫీసు గడప తొక్కకుండానే పని అడగగలుగుతున్నారు. అలాంటప్పుడు ఆ దరఖాస్తును పరిశీలించే జూనియర్ అసిస్టెంట్ వారంలో ఆరు రోజులూ అదే కుర్చీలో కూర్చోవాలా అని అడగడంలో తప్పులేదు.

కమిషనర్లు, మేనేజర్లు, సెక్షన్ సూపరింటెండెంట్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇంటి నుంచి పని ఇవ్వాలా వద్దా అన్నది ఉద్యోగి ముఖం చూసి తేల్చకూడదు, ఫైలు నడిచే తీరు చూసి తేల్చాలి. అది ఫలించిందా లేదా అన్నది దరఖాస్తుదారు ఎన్ని రోజులు ఎదురుచూశారన్న లెక్కతో చెప్పాలి. కింది మెట్లన్నీ దానికోసమే.

గ్రామ పంచాయతీల సంగతి వేరు. అక్కడ చాలా చోట్ల పంచాయతీ కార్యదర్శి ఒక్కరే ఆఫీసూ, ఫీల్డూ, జనాలకు కనిపించే మనిషీ. ఆ ఒక్కరినీ ఇంట్లో కూర్చోబెడితే పంచాయతీ మూతపడినట్టే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మున్సిపాలిటీలు, కార్పొరేషన్ల గురించే.

మొదలుపెట్టే ముందు: పరిశోధనల్లో తేలిందేమిటి

ఇంటి నుంచి పనిచేస్తే పని పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదానికి రెండు వైపులా సాక్ష్యం ఉంది. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం పెరిగిందని అందులో తేలింది. కానీ వాళ్లందరూ ఇష్టపడి ముందుకొచ్చినవారు, ఇంట్లో విడిగా గది, మంచి ఇంటర్నెట్ ఉన్నవారు. అమెరికా పేటెంట్ కార్యాలయం ప్రభుత్వ సంస్థే. అక్కడ ఇంటి నుంచి పనిచేస్తున్న ఎగ్జామినర్లకు నచ్చిన ఊరి నుంచి పనిచేసే వీలు కల్పించాక ఉత్పత్తి 4.4 శాతం పెరిగింది.

మనకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది చెన్నైలో జరిగిన అధ్యయనం. డేటా ఎంట్రీ పనికి చేరినవారిని లాటరీ పద్ధతిలో కొందరిని ఇంటికి, కొందరిని ఆఫీసుకు కేటాయించారు. ఇంటి నుంచి పనిచేసినవారి ఉత్పాదకత 18 శాతం తక్కువగా వచ్చింది. ఆ తేడాలో ఎక్కువ భాగం మొదటి రోజు నుంచే కనిపించింది. మిగతాది, ఆఫీసులో ఉన్నవారు పని త్వరగా నేర్చుకోవడం వల్ల వచ్చింది. ఇక మాంచెస్టర్ పోలీసు కంట్రోల్ రూముల్లో ఫోన్ ఎత్తేవారు, సిబ్బందిని పంపేవారు ఒకే గదిలో కూర్చున్నప్పుడు స్పందన వేగంగా ఉందని ఇంకో అధ్యయనం చెబుతోంది.

వీటి నుంచి నేను తీసుకునేది ఇంతే: ఒంటరిగా చేసుకోగలిగే, లెక్కపెట్టగలిగే పని చేతిలో ఉండి, ఆ పని బాగా తెలిసిన మనిషి ఇష్టపడి అడిగితే ఇంటి నుంచి ఇవ్వొచ్చు. కొత్తగా చేరినవారికి, నిమిషాల్లో మాట్లాడుకుని తేల్చాల్సిన పనులకు ఇవ్వకూడదు. మన ఇళ్లలో విడిగా గది దొరకడం ఎంత కష్టమో మనకు తెలుసు కాబట్టి చెన్నై అంకెను మరిచిపోకూడదు.

1. పేర్లు కాకుండా పనులు రాయండి

సెక్షన్ల వారీగా ఒక పుస్తకంలో పనుల జాబితా రాయండి. "రెవెన్యూ సెక్షన్ సీనియర్ అసిస్టెంట్" అని రాస్తే ఏమీ తేలదు, ఎందుకంటే ఆ ఒక్క కుర్చీలోనే పది రకాల పనులు ఉంటాయి. పేరు మార్పు దరఖాస్తుల పరిశీలన, ఖాళీ స్థలం పన్ను లెక్క, డిమాండ్ నోటీసుల తయారీ, పన్ను ఎక్కువ వేశారంటూ వచ్చే రివిజన్ పిటిషన్లు, కోర్టు కేసుల కౌంటర్లకు పేరావారీ జవాబులు, సమాచార హక్కు దరఖాస్తులు... ఇలా ఒక్కో పనికి ఒక్కో వరుస కేటాయించండి.

ప్రతి వరుసకు ఎదురుగా నాలుగు సంగతులు రాయండి. ఈ పనికి మనిషి వీధిలోకి వెళ్లాలా? దరఖాస్తుదారు ఎదుట కూర్చోవాలా? రికార్డు రూము నుంచి కాగితం తీయాలా? పని పూర్తయిందో లేదో కంప్యూటర్‌లో చూసి చెప్పగలమా?

మొదటి మూడింటికి "అక్కర్లేదు" అనీ, నాలుగోదానికి "చెప్పగలం" అనీ వస్తే ఆ పని ఇంటి నుంచి చేయొచ్చు. చాలా చోట్ల ఈ జాబితాలోకి వచ్చేవి: డిమాండ్, వసూళ్లు, బకాయిల నివేదికలు, బిల్లుల పరిశీలన, బ్యాంకు రికన్సిలియేషన్ (మన లెక్కను బ్యాంకు లెక్కతో సరిచూడటం), ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు, టెండరు పత్రాలు, ఎస్టిమేట్ల పరిశీలన, కౌన్సిల్ అజెండా నోట్లు, సర్వీసు రిజిస్టర్లు స్కాన్ అయి ఉంటే ఎస్టాబ్లిష్‌మెంట్ పనిలో కొంత.

అస్సలు రానివి కూడా స్పష్టంగా రాయండి. పారిశుద్ధ్య కార్మికులు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఫిట్టర్లు, టర్న్‌కాక్‌లు (నీటి వాల్వులు తిప్పేవారు), లైన్‌మెన్, బిల్ కలెక్టర్లు, తపాలు సెక్షన్, కౌంటర్ సిబ్బంది. ఫిర్యాదుల సెల్‌ను కూడా ఇందులోనే పెట్టండి. "మూడో వార్డులో పైపు పగిలింది" అని ఫోన్ వచ్చినప్పుడు ఆ మాట వెంటనే పక్క బల్ల దగ్గరున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చెవిన పడాలి.

2. ఒక్క ఫైలు వెంట నడవండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇది. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ల్యాప్‌టాప్‌ల కొనుగోలు దగ్గరకు వెళ్లిపోతారు.

ఇంటి పన్ను పేరు మార్పు తీసుకుందాం. ఒకాయన ఇల్లు కొన్నాడు. రిజిస్టర్డ్ దస్తావేజు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), పన్ను రసీదు జతచేసి దరఖాస్తు పెట్టాడు. అది రెవెన్యూ గుమాస్తా లాగిన్‌లోకి వచ్చింది. ఆయన బకాయిలు చూడాలి, దస్తావేజులోని హద్దులు, డోర్ నంబరు మన అసెస్‌మెంట్‌తో సరిపోయాయో చూడాలి. అక్కడి నుంచి బిల్ కలెక్టర్‌కు వెళ్తుంది. ఇంట్లో ఎవరున్నారు, రికార్డుల్లో ఒక అంతస్తు ఉంటే అక్కడ రెండు లేచాయా అని ఆయన వెళ్లి చూసి రాయాలి. తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఆపైన రెవెన్యూ ఆఫీసర్ లేదా మేనేజర్, చివరికి కమిషనర్ డిజిటల్ సంతకం.

ఇలా పూర్తయిన ఓ ఇరవై ఫైళ్లు తీసి, ప్రతి లాగిన్‌లోకి ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన వదిలింది అన్నది రాయండి. పోర్టల్‌లో ఆ తేదీలన్నీ ఉంటాయి. అన్నీ కలిపి చూస్తే ఫైలు మీద నిజంగా చెయ్యి పడిన సమయం ఒకటి రెండు గంటలకు మించదు. మిగతాదంతా ఎదురుచూపే. బిల్ కలెక్టర్ మార్చి వసూళ్ల హడావిడిలో ఉన్నాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఎన్నికల డ్యూటీకి వెళ్లాడు. డిజిటల్ సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్ గడువు అయిపోయింది. అసెస్‌మెంట్‌లో ఉన్న పేరు అమ్మినాయన తండ్రిది, వారసత్వ వివరాలు చేతిరాత డిమాండ్ రిజిస్టర్‌లో ఉన్నాయి, ఆ రిజిస్టర్ రికార్డు రూములో ఎక్కడో మూటగట్టి ఉంది.

గుమాస్తాను ఇంటికి పంపితే ఈ ఆటంకాల్లో ఏదైనా తొలగిందా? లేదు. ఆయన ఇంట్లో కూర్చుని తన పని అరగంటలో ముగించినా ఫైలు బిల్ కలెక్టర్ దగ్గర ఆగే ఉంటుంది. అందుకే ఇంటి నుంచి పని ఇచ్చినందువల్లనే పనితీరు మెరుగుపడిపోతుందని ఆశించకూడదు. ఆ ఏర్పాటు చేయడం కోసం మీరు తప్పనిసరిగా సరిదిద్దే విషయాలు (పాత రిజిస్టర్ల స్కానింగ్, సంతకానికి ప్రత్యామ్నాయం, ఫీల్డ్ తనిఖీకి గడువు) పనితీరును పెంచుతాయి. ఆ మూడూ చేయకుండా ఇంటి నుంచి పని మొదలుపెడితే, ఇప్పటికే ఉన్న జాప్యానికి "సార్ ఇవాళ ఇంట్లో ఉన్నారు" అన్న కొత్త సాకు తోడవుతుంది.

స్కానింగ్ విషయంలో ఒక సలహా. రికార్డు రూము మొత్తాన్ని ఒకేసారి స్కాన్ చేయించాలని చూస్తే అది టెండరు దగ్గరే ఆగిపోతుంది. గత రెండేళ్లలో ఏ రిజిస్టర్ల కోసం ఎక్కువసార్లు వెతికారో అటెండర్‌ను అడగండి, ఆయనకు తప్పకుండా తెలుస్తుంది. పాత డిమాండ్ రిజిస్టర్లు, జనన మరణాల రిజిస్టర్లు, అనుమతించిన ప్లాన్లు ముందు చేయించండి.

3. ముందు స్థితి ఏమిటో రాసి పెట్టుకోండి

మొదలుపెట్టక ముందు మూడు నెలల లెక్క చేతిలో లేకపోతే, తర్వాత పని పెరిగిందో తగ్గిందో ఎవరూ చెప్పలేరు. మూడు నాలుగు సేవలు మాత్రమే ఎంచుకోండి. పేరు మార్పు, ట్రేడ్ లైసెన్సు, ఇంటి అనుమతి, సమాచార హక్కు దరఖాస్తు చాలు. వీటిలో కొన్నింటికి చట్టమే గడువు పెట్టింది. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం 30 రోజులు. టీజీ-బీపాస్‌లో సింగిల్ విండో అనుమతులకు 21 రోజులు. మిగతావాటికి మీ సిటిజన్ చార్టర్ (ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇస్తామో చెప్పే పత్రం)లోని గడువు తీసుకోండి.

సగటు రోజులతో సరిపెట్టుకోవద్దు. 11 ఫైళ్లు వరుసగా 4, 5, 5, 6, 6, 7, 8, 9, 10, 40, 65 రోజుల్లో పూర్తయ్యాయనుకుందాం. సగటు 15 రోజులు. కానీ 11 మందిలో తొమ్మిది మందికి పది రోజుల్లోపే పని అయిపోయింది. వరుసలో సరిగ్గా మధ్యనున్న ఫైలు 7 రోజులది. అసలు బాధ పడినవాళ్లు చివరి ఇద్దరే. కాబట్టి రెండు అంకెలు రాసుకోండి: మధ్య ఫైలుకు పట్టిన రోజులు, గడువు దాటిన ఫైళ్ల సంఖ్య. మధ్య అంకె బాగుండి, గడువు దాటినవి పెరుగుతున్నాయంటే మీ సిబ్బంది సులువైన ఫైళ్లు ముందు తీసి, చిక్కు ఫైళ్లు పక్కన పెడుతున్నారని అర్థం. ఇంటి నుంచి పనిలో ఈ అలవాటు ఎక్కువవుతుంది, ఎందుకంటే చిక్కు ఫైలుకు నలుగురితో మాట్లాడాలి.

వెనక్కి పంపిన ఫైళ్ల లెక్క కూడా తీయండి. గడువు దగ్గరపడగానే ఏదో ఒక పత్రం లేదని తిప్పి పంపేస్తే పోర్టల్‌లో పెండింగ్ తగ్గినట్టే కనిపిస్తుంది. దరఖాస్తుదారుకు మాత్రం పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఒకే వ్యక్తి ఒకే పనికి రెండోసారి దరఖాస్తు పెడితే, రోజులను మొదటి దరఖాస్తు తేదీ నుంచే లెక్కించండి.

ఇంకొకటి, కాలం చూసి పోల్చాలి. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ముందే కట్టేవారికి 5 శాతం రాయితీ ఉంటుంది, మార్చిలో బకాయిల వసూళ్లు ఉంటాయి. ఆ నెలల అంకెలను జూలై అంకెలతో పోల్చితే తప్పుడు ఫలితమే వస్తుంది. పోల్చాలంటే గత ఏడాది అదే నెలతో పోల్చండి. వీలైతే ఒక సెక్షన్‌లో ఇప్పుడు, ఇంకో సెక్షన్‌లో మూడు నెలల తర్వాత మొదలుపెట్టండి. రెండింటి మధ్య తేడా చూసినప్పుడు మార్పు దేనివల్ల వచ్చిందో కొంతైనా తెలుస్తుంది.

4. అనుమతి, ఉత్తర్వు

నోటిమాట మీద ఎవరినీ ఇంటికి పంపవద్దు. 2020 మేలో కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ ఏడాదికి 15 రోజుల వరకు ఇంటి నుంచి పనికి వీలు కల్పించే ముసాయిదాను చర్చకు పెట్టింది. అది కేంద్ర ఉద్యోగుల కోసం. మున్సిపల్ ఉద్యోగుల హాజరు, సెలవులు, హెడ్‌క్వార్టర్స్ నిబంధనలు రాష్ట్ర సర్వీసు రూల్స్ కిందకు వస్తాయి కాబట్టి పురపాలక శాఖ డైరెక్టర్‌కు ప్రతిపాదన పంపి, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే అడుగేయాలి. లేకపోతే ముఖ హాజరు యాప్‌లో గైర్హాజరు పడి జీతం ఆగుతుంది. రేపు ఏసీబీ కేసో, ఆడిట్ అభ్యంతరమో వస్తే ఆ ఉద్యోగి పక్షాన నిలబడేవాళ్లు ఉండరు.

ప్రతిపాదనలో ఇవి ఉండాలి: ఏ పనులు, ఎన్ని నెలలు, వారానికి ఎన్ని రోజులు, హాజరు ఎలా నమోదు చేస్తారు, పిలిస్తే ఎంతసేపట్లో ఆఫీసుకు రావాలి, పరికరం ఎవరిది, ఇంటి నుంచి పని ఎప్పుడు రద్దవుతుంది. చివరిది చాలామంది రాయరు. గడువు దాటిన ఫైళ్లు వరుసగా రెండు నెలలు పెరిగితే ఆ సెక్షన్‌లో ఏర్పాటు ఆగిపోతుందని ముందే రాసిపెడితే, తర్వాత ఎవరి మీదా కక్ష కట్టినట్టు ఉండదు. పాలకవర్గం ఉన్నచోట చైర్‌పర్సన్‌కు, కౌన్సిలర్లకు కూడా ముందే వివరించండి. "ఆఫీసుకెళ్తే కుర్చీలు ఖాళీ" అని కౌన్సిల్ సమావేశంలో లేచాక వివరణ ఇచ్చుకోవడం కష్టం.

5. ఎవరికి, ఏ రోజుల్లో

వారానికి ఒకటి, మహా అయితే రెండు రోజులు. అంతకు మించి నేను సిఫారసు చేయను. 2024లో వెలువడిన ఇంకో అధ్యయనంలో, సీట్రిప్ మాతృసంస్థ ట్రిప్.కామ్‌లో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తే పనితీరు తగ్గలేదు, ఉద్యోగం మానేసేవారు మూడో వంతు తగ్గారు. మన దగ్గర రాజీనామాల బాధ లేదు గానీ బదిలీల కోసం, డిప్యుటేషన్ల కోసం పైరవీల బాధ ఉంది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి, దివ్యాంగ ఉద్యోగి, డయాలసిస్‌కు వెళ్లే ఇంటి పెద్దను చూసుకునే మనిషి వారానికి రెండు రోజులు ప్రయాణం తప్పితే ఉన్నచోటే నిలబడి పని చేస్తారు. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

సోమవారం ఎవరికీ వద్దు. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే. కౌన్సిల్ సమావేశం రోజు, మార్చి చివరి రెండు వారాలు, తుపాను హెచ్చరిక ఉన్న రోజులు కూడా మినహాయించండి. ప్రొబేషన్‌లో ఉన్నవారికి, సెక్షన్ మారి ఆరు నెలలు కానివారికి ఇవ్వకండి. ఫైలు రాయడం పక్కన కూర్చున్న సీనియర్‌ను చూసి నేర్చుకునే విద్య.

ఆడవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. ఇంట్లో ఉంటే వంట, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు అన్నీ వాళ్ల మీదే పడతాయి. "ఇంట్లోనే ఉందిగా" అన్న మాట ఇంట్లోవాళ్లూ అంటారు, ఆఫీసువాళ్లూ అంటారు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి రిపోర్టు అడగడం మొదలవుతుంది. పని వేళలు ఆఫీసు వేళలే అని ఉత్తర్వులో రాయండి. సాయంత్రం తర్వాత అత్యవసరమైతే తప్ప పిలవకూడదని అధికారులకు కూడా అదే ఉత్తర్వు వర్తింపజేయండి.

వీధిలో పనిచేసేవారికి ఈ వెసులుబాటు లేదన్నది మరవకండి. తెల్లవారుజామున చీపురు పట్టే కార్మికురాలి కంట్లో ఇది అన్యాయంగా కనిపించడంలో వింత లేదు. వాళ్లకు వారాంతపు సెలవు కచ్చితంగా ఇవ్వడం, మస్టర్ పాయింట్ (హాజరు వేసే చోటు) ఇంటికి దగ్గరగా మార్చడం, చేతి తొడుగులు, బూట్లు సమయానికి అందించడం ఈ ఏర్పాటుతో పాటే జరగాలి. కమిషనర్‌కు దగ్గరివాళ్లకే ఇంటి నుంచి పని దక్కిందన్న మాట ఒక్కసారి పుట్టిందంటే మొత్తం ఏర్పాటు చెడిపోతుంది.

6. పరికరాలు, సంతకాలు, రహస్యాలు

ఆఫీసు ల్యాప్‌టాప్ ఇవ్వండి. ఇంటి కంప్యూటర్‌లో పిల్లల ఆటలు, ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఈ-ఆఫీస్ (ఫైళ్లు నడిపే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్) బయటి నుంచి తెరవాలంటే వీపీఎన్ (సురక్షిత నెట్ మార్గం) కావాలి, దానికి ఎన్‌ఐసీ (ప్రభుత్వ ఐటీ సంస్థ) ద్వారా ఉద్యోగి పేరు మీదే దరఖాస్తు పెట్టాలి. ఇందుకు సమయం పడుతుంది, కాబట్టి అనుమతి కోసం రాసేటప్పుడే ఇదీ మొదలుపెట్టండి.

డిజిటల్ సంతకం గురించి గట్టిగా చెప్పాలి. అధికారి టోకెన్, దాని పిన్ రెండూ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర ఉండటం మన ఆఫీసుల్లో కొత్త సంగతేమీ కాదు. ఐటీ చట్టం 2000 ప్రకారం ఆ సంతకం చేత్తో చేసిన సంతకంతో సమానం. దాని బాధ్యత ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే. ఆఫీసులో ఉన్నంతకాలం ఏదో నడిచిపోయిన ఈ పద్ధతి, టోకెన్ ఇంటికి వెళ్లే రోజున పెద్ద ప్రమాదం అవుతుంది. ముందుగా అన్ని టోకెన్ల పిన్‌లు మార్పించండి, ఎవరిది వారి దగ్గరే ఉండేలా చూడండి, గడువు తేదీలు ఒక రిజిస్టర్‌లో రాయించండి.

వాట్సాప్ గ్రూపుల్లో దస్తావేజులు, ఆధార్ కాపీలు పంపుకోవడం ఆపించండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం లేకపోయినా, ఒకరి ఇంటి పత్రాలు ఇంకొకరి ఫోన్ గ్యాలరీలో ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు. కాగితం ఫైలు ఏదీ ఇంటికి వెళ్లకూడదు. పోతే ఎఫ్‌ఐఆర్, శాఖాపరమైన విచారణ తప్పవు.

ఈ-ఆఫీస్‌లో ఇంకో చిన్న సంగతి. పక్క బల్ల దగ్గరకు వెళ్లి "ఇది ఇలా రాయనా సార్?" అని అడిగే వీలు ఇంట్లో ఉండదు. అప్పుడు ఎల్లో నోట్ వాడాలి. అది చిత్తు ప్రతి, పై అధికారి సవరించవచ్చు. గ్రీన్ నోట్‌లో రాసి పంపేశాక మార్చడం కుదరదు. ఈ తేడా తెలియక చేసే తప్పుల వల్లే ఒక్కో ఫైలులో నోట్ల మీద నోట్లు పేరుకుపోతాయి. అరపూట శిక్షణ ఇస్తే సరిపోతుంది.

7. కౌంటర్ దగ్గర ఏం చెప్పాలి

పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయనకు "ఆ సెక్షన్ మేడమ్ ఇవాళ రారు, రేపు రండి" అని చెప్పిన రోజున మీ అంకెలన్నీ ఎంత బాగున్నా ఏర్పాటు విఫలమైనట్టే. దీనికి ఏర్పాటు ముందే ఉండాలి.

ప్రతి సెక్షన్ నుంచి ఆఫీసులో తప్పకుండా ఒకరు ఉండాలి. ఆ ఒకరికి సెక్షన్‌లోని ఏ ఫైలు స్థితినైనా చూసి చెప్పే లాగిన్ ఉండాలి. కౌంటర్‌లో ఒక ఆఫీసు ఫోన్ పెట్టి, ఇంట్లో ఉన్న ఉద్యోగి పని వేళల్లో దానికి వెంటనే జవాబివ్వాలన్న నియమం పెట్టండి. వచ్చినాయన ముందే ఫోన్ చేసి, ఫైలు ఎక్కడుందో, ఇంకేం పత్రం కావాలో కనుక్కుని, ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. ఆ చీటీకి నకలు ఉంచండి. నెలాఖరున "మళ్లీ రండి" అని ఎందరికి చెప్పారో ఆ నకళ్లు చూస్తే తెలుస్తుంది. పోర్టల్‌లో ఎక్కడా కనిపించని అంకె అది.

8. సూపరింటెండెంట్ పని మారుతుంది

పర్సనల్ రిజిస్టర్ రాసే అలవాటు ఉన్న ఆఫీసుల్లో ఈ మెట్టు తేలిక. ఏ కరెంట్ (ఆఫీసుకు అందిన కాగితం) ఎప్పుడు వచ్చింది, ఏం చేశారు, ఎవరి దగ్గర ఉంది అన్నది అందులోనే ఉంటుంది. కొన్ని చోట్ల ఈ రిజిస్టర్‌ను తనిఖీ ముందు రోజు రాత్రి కూర్చుని నింపుతారు. ఇంటి నుంచి పని ఇచ్చే సెక్షన్‌లో దాన్ని వారం వారం సూపరింటెండెంట్ చూసి సంతకం చేయాలి.

ఉదయం పది నిమిషాల ఫోన్ మాటలు చాలు: ఇవాళ ఏ ఫైళ్లు, ఎవరి నుంచి ఏం కావాలి. సాయంత్రం పంపిన ఫైళ్ల జాబితా. గంటగంటకూ లొకేషన్ అడగడం, వీడియో కాల్‌లో ముఖం చూపించమనడం వద్దు. దానివల్ల కెమెరా ముందు కూర్చోవడం నేర్చుకుంటారు గానీ ఫైలు కదలదు. ఫైళ్ల సంఖ్య ఒక్కటే చూసినా పొరపాటే. ఒక రివిజన్ పిటిషన్‌కు కారణాలు వివరిస్తూ రాసిన మంచి ఉత్తర్వు పది సాధారణ పేరు మార్పులంత పని. అందుకే వారానికి రెండు మూడు ఫైళ్లు తీసి పూర్తిగా చదవండి. చట్టం సెక్షన్ సరిగా రాశారా, దరఖాస్తుదారు అడిగినదానికి జవాబు ఉందా చూడండి.

సూపరింటెండెంట్ మాత్రం రోజూ ఆఫీసులో ఉండాలి. కమిషనర్ కూడా.

9. మూడు నెలల తర్వాత

మూడో మెట్టులో రాసుకున్న అంకెలు తీయండి. మధ్య ఫైలు రోజులు తగ్గాయా? గడువు దాటినవి తగ్గాయా? తిప్పి పంపినవి పెరిగాయా? కౌంటర్ చీటీలు ఏం చెబుతున్నాయి? ఇంటి నుంచి చేసిన రోజుల్లోని ఫైళ్లు, ఆఫీసు రోజుల్లోని ఫైళ్లు విడివిడిగా చూడండి.

అంకెలు మారకుండా ఉన్నాయనుకోండి. అది వైఫల్యమని చాలామంది అనుకుంటారు. సేవ తగ్గకుండా సిబ్బందికి ప్రయాణ భారం తగ్గింది, ఆఫీసులో ఇరుకు తగ్గింది, వరద వచ్చి ఆఫీసు మూతపడినా సగం పని ఆగని ఏర్పాటు చేతికొచ్చింది. కొనసాగించడానికి అది చాలు. అంకెలు చెడితే ఏ లాగిన్‌లో రోజులు పెరిగాయో చూసి, ఆ పనిని మాత్రం ఆఫీసుకు తిప్పండి. మొత్తం రద్దు చేయాల్సిన అవసరం సాధారణంగా రాదు.

ఒక సందర్భంలో మాత్రం ఆలోచించకుండా ఆపేయండి: సంతకం టోకెన్ పంచుకున్నట్టో, దరఖాస్తుదారుల పత్రాలు బయటికి పోయినట్టో తేలితే. విచారణ ముగిసేదాకా ఆ సెక్షన్‌లో ఇంటి నుంచి పని వద్దు.

డైరెక్టర్‌కు పంపే నివేదికలో ఈ అంకెలతో పాటు, రెండో మెట్టులో నడిచిన ఇరవై ఫైళ్ల పట్టికను, అదే రకం కొత్త ఇరవై ఫైళ్ల పట్టికను పక్కపక్కన పెట్టండి. అవే సేవలకు సంబంధించిన రెండు అంకెల్ని నెలనెలా ఆఫీసు నోటీసు బోర్డు మీద కూడా అంటించండి.